పొగలో మన వాటా ఎన్ని బస్తాలు?

ఆ మధ్య బందరులో వరి సాగు మీద ఒక శిక్షణ తరగతి పెట్టారు. రైతులతో పాటు నాట్ల ముఠాలు నడిపే ఆడవాళ్లను కూడా పిలిచారు. కోడూరు దగ్గరి పేట నుంచి వెళ్లిన అక్క ఒకామె తిరిగొచ్చి నన్ను పట్టుకుంది. “తమ్ముడూ, నీళ్లు నిలగట్టి వరి నాటితే చేలోంచి ఏదో గాలి పుట్టి లోకమంతా వేడెక్కుతోందంట. పొగ వదలడంలో మన దేశం మూడో నెంబరంట. అంటే ఈ ఎండలూ, ఈ గాలివానలూ మనం నాటేసిన పాపమేనా?”

నేను వెంటనే బదులు చెప్పలేకపోయాను. “కాదక్కా” అని గట్టిగా అనెయ్యొచ్చు. సభలో అయితే చప్పట్లు కూడా పడతాయి. కానీ ఆమె అడిగింది చప్పట్ల కోసం కాదు. నా చదువు పదో తరగతితో ఆగింది. అంచేత తెలిసిన లెక్కల మాస్టారిని బతిమాలి, నాలుగు ఆదివారాలు గుడివాడలో ఆయన అరుగు మీద కూర్చుని, దేశాల వారీ పట్టికలు ముందేసుకుని కూడికలూ భాగారాలూ చేశాం. ఆ లెక్కే ఇది. తప్పుంటే మాస్టారిది కాదు, నాది.

మూడో నెంబరు మాట అబద్ధం కాదు. బొగ్గు, చమురు, సహజవాయువు కాల్చడం వల్ల, సిమెంటు తయారీ వల్ల ఏడాదికి ప్రపంచమంతా కలిసి వదిలే బొగ్గుపులుసు వాయువు, అదే కార్బన్ డయాక్సైడు, 3,700 కోట్ల టన్నులు దాటింది. అందులో చైనాది మొదటి స్థానం. అమెరికాది రెండోది, దాదాపు 490 కోట్ల టన్నులు. మూడోది మనది, దాదాపు 310 కోట్లు. ఇవి 2023 నాటి లెక్కలు. మొత్తంలో మన వాటా వందకి ఎనిమిది.

ఇక్కడే ఉంది కిటుకంతా. ఊళ్లో రెండిళ్లున్నాయనుకోండి. ఒక ఇంట్లో ఎనిమిది మంది, వాళ్లు పూటకి మూడు సోలల బియ్యం వండుకుంటారు. రెండో ఇంట్లో ఇద్దరే, వాళ్లు ఐదు సోలలు వండుకుంటారు. తిండిపోతులెవరయ్యా అంటే కుండలు కొలిచి చెబుతారా, నోళ్లు లెక్కపెట్టి చెబుతారా? ఇది నేను కల్పించిన పోలిక అనుకోకండి. ఇండియా జనాభా, అమెరికా జనాభా ఇంచుమించు ఆ నిష్పత్తిలోనే ఉన్నాయి. ఆ రెండు దేశాల పొగ కూడా దాదాపు మూడుకి ఐదు చొప్పునే ఉంది.

బస్తాల్లో కొలుద్దాం

టన్నులంటే మన పేటలో ఎవరికీ ఆనదు. మనకి ఆనేది డెబ్బై ఐదు కిలోల ధాన్యం బస్తా. అందుకని మాస్టారూ నేనూ పొగని కూడా బస్తాల్లోకి మార్చాం. గాలికి బరువేమిటని నవ్వకండి. గ్యాసు బండ నిండుగా ఉన్నప్పుడు ఎత్తిన చేతికీ, ఖాళీ అయ్యాక ఎత్తిన చేతికీ తెలుసు గాలికి బరువుందో లేదో.

తలకింత చొప్పున ఏడాదికి భారతీయుడి వాటా సుమారు 28 బస్తాలు. ప్రపంచ సగటు 63. అమెరికావాడిది 190 బస్తాలు, ఆస్ట్రేలియావాడిదీ దాదాపు అంతే. చైనావాడిది 110, జర్మనీవాడిది 95, బ్రిటన్‌వాడిది 60. చమురు, గ్యాసు బావుల మీద బతికే చిన్న దేశం ఖతార్‌లో తలకి 500 బస్తాల పైమాటే. కిందికి దిగితే పాకిస్తాన్ 11, బంగ్లాదేశ్ 9. ఇథియోపియా వాడికి రెండు బస్తాలు.

సార్వాలో ఎకరానికి ముప్పై బస్తాలు పండిందనుకుంటే, మనవాడి పొగ ఒక ఎకరం పంటంత. అమెరికావాడిది ఆరెకరాల పైచిలుకు. బంగ్లాదేశ్‌వాడిది ముప్పై సెంట్లు.

ఇది ఒక ఏడాది లెక్క. మాస్టారు అక్కడ ఆగనివ్వలేదు. “ఈ వాయువు వదిలిన ఏడే పోదు, అందులో చాలా భాగం వందల ఏళ్లు గాలిలోనే ఉంటుంది. ఈ ఏటి వడ్డీ చూసి అసలు మరిస్తే ఎలాగయ్యా?” అన్నారు. నిజమే. 1750 నుంచి పోగుపడిన మొత్తం పొగలో అమెరికా ఒక్కదానిదే నాలుగో వంతు. యూరోపియన్ యూనియన్ దేశాలది ఆరో వంతు. మనది వందకి మూడున్నర లోపు. ఏడు కోట్ల జనం కూడా లేని బ్రిటన్ ఇప్పటిదాకా వదిలిన పొగ, నూటనలభై కోట్లు దాటిన మన దేశం ఇప్పటిదాకా వదిలిన దానికంటే ఎక్కువ!

బందరు వాళ్లకి ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఇంగ్లీషు కంపెనీ వాడు 1611లో మన బందరు రేవులో కొట్టు పెట్టింది ఇక్కడి నేత గుడ్డ కోసం, అద్దకం గుడ్డ కోసం. తర్వాత రెండు వందల ఏళ్లకి లాంకషైర్‌లో బొగ్గు పొయ్యిల మీద ఆవిరి మరమగ్గాలు తిరిగాయి. ఆ గుడ్డ మన మీదికి వచ్చి పడింది. ఇక్కడి మగ్గాలు మూలపడ్డాయి. నేతగాళ్లలో ఎందరో కూలికి దిగారు. ఆనాటి ఆ బొగ్గు పొగలో కొంత ఇప్పటికీ మన నెత్తి మీదే తిరుగుతోంది. దెబ్బ ఒక్కసారి కొట్టలేదన్నమాట వాడు.

వరి చేను మీద వేసిన నింద

అక్క అడిగిన అసలు ప్రశ్న వరి గురించి. నీళ్లు నిలిచిన చేలో గాలి ఆడక మీథేన్ అనే వాయువు పుడుతుంది. అది నిజం, దాచాల్సిన పని లేదు. బొగ్గుపులుసు వాయువు కంటే దానికి వేడిని పట్టుకునే గుణం చాలా ఎక్కువ, కాని పది పన్నెండేళ్లలో విరిగిపోతుంది. పైన చెప్పిన బస్తాల్లో అది కలవలేదు, వేరే లెక్క.

ఆ వేరే లెక్కలో ఏం జరిగిందో వినండి. 1990లో వాషింగ్టన్‌లోని వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఒక నివేదిక వేసి, వరి పొలాల, పశువుల మీథేన్ కూడా కలిపి, ఇండియా, చైనాలను పెద్ద దోషుల వరసలో నిలబెట్టింది. మన దేశపు వరి పొలాల నుంచి ఏటా మూడు కోట్ల ఎనభై లక్షల టన్నుల దాకా మీథేన్ వస్తోందని అమెరికా పర్యావరణ శాఖ అంచనా. ఎక్కడ కొలిచారు? మన చేలల్లో కాదు. ఎక్కడో చల్లదేశాల పొలాల్లో కొలిచిన అంకెని మన ఎకరాలతో హెచ్చవేశారు.

ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ తరఫున అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లో దీనికి గట్టి జవాబు రాశారు. బతకడానికి వదిలే గాలినీ, భోగానికి వదిలే పొగనీ ఒకే కాటాలో ఎలా తూస్తారని నిలదీశారు. అదే 1991లో జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రజ్ఞులు ఎ.పి. మిత్రా నాయకత్వంలో దేశంలోని వరి పొలాల్లోకే దిగి కొలిచారు. తేలిందెంత? సుమారు నలభై లక్షల టన్నులు. అమెరికావాడు చెప్పిన దాంట్లో దాదాపు పదో వంతు! లేని తొమ్మిది వంతులు మన ముఠా ఆడవాళ్ల నడుముల మీద, మన గేదెల వీపుల మీద మోపారన్నమాట.

అలాగని చేలో నీళ్లు ఆరగట్టి తడిపే పద్ధతిని నేను తప్పు పట్టను. నీళ్లు ఆదా అవుతాయి, మీథేన్ తగ్గుతుంది. ఎగువన కాల్వ పక్కన, తూము తన చేతిలో ఉన్న రైతుకి అది కుదురుతుంది. నాగాయలంక, కోడూరు శివారు భూముల్లో చేలోంచి చేలోకి నీళ్లు పారే చోట ఎలా? వంతు ఎప్పుడొస్తుందో తెలియనివాడు వచ్చిన నీటిని వదులుకుంటాడా? ఒకసారి ఆరగడితే అడుగు నుంచి ఉప్పు పైకి తేలే నేల అది. పైగా ఈ పద్ధతికి కార్బన్ క్రెడిట్ల పేరుతో డబ్బులిస్తామని కంపెనీలు తిరుగుతున్నాయి. కాగితం భూమి ఉన్నవాడి పేరున రాస్తారు. చేలో దిగేది కౌలుదారు. నీళ్లు తగ్గితే పెరిగే కలుపు తీసేది కూలీ. ఈ ఇద్దరి వాటా ఎంతని నేను అడిగితే వచ్చినాయన ఫోను చూసుకున్నాడు.

ఒక ఇంటి లెక్క

అక్క వాళ్ల ఇంటి లెక్కే వేశాం. ఆవిడ, ఆయన, ఇద్దరు పిల్లలు. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, ఒక పాత టీవీ, సెల్‌ఫోన్లు. కరెంటు బిల్లు చూస్తే నెలకి అరవై యూనిట్లు. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే కాబట్టి యూనిట్‌కి సుమారు 700 గ్రాముల వాయువు పుడుతుంది. ఆ పొగ మన పేటలో కనపడదు, ఇబ్రహీంపట్నం థర్మల్ లాంటి చోట్ల గొట్టాల్లోంచి పైకి పోతుంది. ఏడాదికి 504 కిలోలు. గ్యాసు బండలు ఐదు, బండకి 42 కిలోల చొప్పున 210. మిగతా వంటంతా పుల్లల మీదే. పనికి పోయే ఆటోలో, బస్సులో వీళ్ల వాటా డీజిలు నెలకి ఐదు లీటర్లనుకుంటే, లీటరుకి 2.7 కిలోల చొప్పున ఏడాదికి 162. మొత్తం 876 కిలోలు. నలుగురికి పంచితే తలకి 219. అంటే మూడు బస్తాలు నిండవు!

తినే బియ్యానికి పడ్డ ఎరువు, కట్టే బట్ట, ఇంటి సిమెంటు ఇందులో కలవలేదని మాస్టారు హెచ్చరించారు. సరే, రెట్టింపు చేయండి, ఆరు బస్తాలే. ఇంట్లో కాలే ఆ మూడు బస్తాల పొగని సగటు అమెరికావాడు ఆరు రోజుల్లోపే వదిలేస్తాడు.

మరి భారతీయుడి వాటా 28 బస్తాలన్నారే, మిగతావి ఎవరు కాల్చారు? ఇది మన పాలకులకి నచ్చని ప్రశ్న. ప్రపంచ సభల్లో మన ప్రభుత్వాలు, ఏ పార్టీదైనా సరే, “మాది పేద దేశం, తలసరి చూడండి” అంటూ వస్తున్నాయి. ఆ మాట న్యాయమే. ఇంటికొచ్చాక ఆ తలల్ని మళ్లీ లెక్కపెట్టరు. ధనికులు పేదల చాటున దాక్కుంటున్నారని గ్రీన్‌పీస్ ఇండియా 2007లోనే ఒక నివేదిక వేసింది. ప్రపంచ అసమానతల నివేదిక 2022లో వేసిన అంచనా ఇంకా స్పష్టంగా ఉంది. వాళ్ల లెక్క తీరు వేరు. మీథేన్ లాంటివి కూడా కలుపుతారు, సరుకు ఎక్కడ తయారైందని కాక ఎవరు వాడారని చూస్తారు. ఆ చొప్పున మన దేశంలో కింది సగం జనం తలకి ఏడాదికి ఒక టన్ను. పై పది శాతం తలకి సుమారు తొమ్మిది టన్నులు. పై ఒక్క శాతం ముప్పై టన్నుల పైన! సగటు అమెరికావాడిని దాటిపోయారు మన ఆ దొరలు. అదే లెక్కలో అమెరికాలో కింది సగం జనానిది పది టన్నులు, పై పది శాతానిది డెబ్బై ఐదు. అక్కడి పాకీపనివాడు, హోటల్లో గిన్నెలు తోమేవాడు మనకి శత్రువులు కారు. వాళ్ల దేశంలోనూ రెండు ఊళ్లున్నాయి.

రొయ్య సంగతి చెప్పకపోతే మన ప్రాంతం లెక్క పూర్తి కాదు. 2009 తర్వాత వనామీ వచ్చాక కృత్తివెన్ను, బంటుమిల్లి, బందరు, నాగాయలంక వైపు ఎన్ని వరిచేలు చెరువులయ్యాయో మీరే చూశారు. చెరువులో గాలి చక్రాలు రాత్రింబవళ్లు తిరుగుతాయి. కరెంటు పోతే డీజిలు జనరేటరు. ఐసు ఫ్యాక్టరీ, చల్లటి లారీ, ఓడ. మన దేశపు రొయ్యకి పెద్ద గిరాకీ అమెరికాదే. తినేది అక్కడ, చెరువు గట్టు మీద పుట్టిన పొగ రాసేది మన ఖాతాలో! చైనా ఖాతాలో రాసే పొగలో కూడా కొంత ఇలాంటిదే. మనకి మిగిలింది ఏమిటి? వరి ఉన్నప్పుడు ఊడ్పు, కలుపు, కోత, కుప్ప, నూర్పు అన్నీ పనిరోజులే. చెరువుకి ఒక కాపలావాడు చాలు. పక్క చేలోకి ఉప్పు ఊరి, తాగే నీరు చెడి, మన ఆడవాళ్లు బిందెలతో నడవడం అదనం. వరి మిగిలిన చోట కోత మిషన్ దిగింది. డీజిలు అది తాగుతుంది, కూలి మనకి పోతుంది, మిగిలిన గడ్డికి నిప్పు పెడతారు. మన పని పోయిన ప్రతిచోటా పొగ పెరిగింది, గమనించారా?

దెబ్బ ఎవరికి?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సభల్లో మనవాళ్లు కొందరు ఆవేశంలో దివిసీమ ఉప్పెన కూడా ఈ పొగ వల్లే అనేస్తున్నారు. అలా అనకూడదు. 1864 నవంబరు 1న బందరులో ముప్పై వేల మందిని మింగిన ఉప్పెన నాటికి లోకంలో మోటారు కారే లేదు. 1977 నవంబరు 19 నేను పుట్టకముందు సంగతి. ఆ రాత్రి తాటిచెట్టు పట్టుకుని బతికిన మా అమ్మ చెప్పగా విన్నదే. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేల దాకా పోయారు. హెచ్చరిక అందక, ఎక్కడానికి పక్కా ఇల్లు లేక పోయారు. 1990 మే తుపానులో, అదీ కృష్ణ నోటి దగ్గరే తీరం దాటింది, ముందుగా లక్షన్నర మందికి పైగా జనాన్ని తరలించారు కాబట్టి చావులు వెయ్యి లోపు ఆగాయి. తుపాను మనకి పాతదే. చావు తప్పించొచ్చని మనమే నేర్చుకున్నాం.

పొగ చేసేది ఏమిటంటే, ఆ పాత శత్రువు చేతికి ఇంకా పెద్ద కర్ర ఇస్తుంది. సముద్రం వేడెక్కితే తుపాను మోసుకొచ్చే వాన పెరుగుతుంది. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్ర మట్టం ఇరవై సెంటీమీటర్లు పెరిగింది, జానెడుకి కాస్త తక్కువ. ఇప్పుడు ఏడాదికి నాలుగు మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతోంది. కరకట్ట అంచున, సముద్రానికి మూడడుగుల ఎత్తున చేను ఉన్నవాడికి జానెడంటే చిన్నది కాదు. ఉప్పెన వచ్చిన నాడు ఆ జానెడు ముందే ఎక్కి కూర్చుని ఉంటుంది.

డెల్టా తరుగుదలకి పొగ ఒక్కటే కారణం కాదు. డెల్టా అంటే ఒండ్రు. కృష్ణలో కొట్టుకొచ్చే ఒండ్రు 1960ల చివర ఏడాదికి 90 లక్షల టన్నులుండేది, 2000 తర్వాత నాలుగు లక్షల టన్నుల దాకా పడిపోయింది. పైన కట్టిన జలాశయాల్లో ఆగిపోతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు కొలిచి చెప్పారు: కృష్ణా, గోదావరి డెల్టాల తీరంలో 1965, 2008 మధ్య నికరంగా 76 చదరపు కిలోమీటర్లు సముద్రంలో కలిసింది. దాదాపు పంతొమ్మిది వేల ఎకరాలు. ఒండ్రు రాక కిందికి, సముద్రం లేచి పైకి, మధ్యలో మనం.

ఎండ మాట సరేసరి. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బతో పోయారని అప్పటి అధికారిక లెక్కలే చెప్పాయి. వాళ్లలో ఎక్కువ మంది ముసలివాళ్లు, ఎండలో పని చేసేవాళ్లు. ఉక్క గాలికి మన డెల్టాలో చెమట ఆరదు. గది చల్లబరచుకునేవాడి యంత్రం వేడి గాలిని బయటికే కదా తోసేది!

నష్టపరిహారం గురించి ప్రపంచ పెద్దలు ముప్పై ఏళ్లు మాట్లాడారు. 2022లో ఈజిప్టులో నిధి పెడదామన్నారు, 2023లో దుబాయిలో మొదలెట్టారు. అన్ని దేశాలూ కలిసి ఇస్తామన్నది సుమారు 70 కోట్ల డాలర్లు. అమెరికా ఇస్తానన్నది కోటీ డెబ్బై ఐదు లక్షల డాలర్లు. మాస్టారు రూపాయల్లోకి మార్చి అమెరికా జనాభాతో భాగిస్తే తలకి నాలుగు రూపాయల చిల్లర వచ్చింది. గుడివాడ బస్టాండులో టీ కూడా రాదు. ఆ తర్వాత 2025 జనవరిలో ట్రంప్ గద్దెనెక్కిన రోజే ప్యారిస్ ఒప్పందం నుంచి రెండోసారి తప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాడు. మార్చిలో ఆ నిధి పాలకమండలి నుంచి కూడా లేచిపోయింది ఆ దేశం.

ఈ కాగితాలన్నీ పట్టుకుని పేటకి వెళ్లి అక్కకి చదివి వినిపించాను. మూడు బస్తాల మాటకి నవ్వింది. నాలుగు రూపాయల మాటకి నవ్వలేదు. “సరే తమ్ముడూ, రేపు వాడు నలభై ఇచ్చాడనుకో, నాలుగు వందలిచ్చాడనుకో. అది నా దాకా ఎట్టా వస్తది?” అంది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన దగ్గర చేలు కోతకొచ్చి ఉన్నాయి. కోసిన పనలు నీళ్లలో తేలాయి, కుప్పలు మొలకలెత్తాయి, చల్లిన మినుము కుళ్లింది. పంట నష్టం రాసుకోడానికి వచ్చినవాళ్లు సర్వే నెంబరు అడిగారు. పట్టా ఉన్నవాడి పేరు ఎక్కింది. కౌలుదారుల్లో కొందరి పేర్లు ఎక్కాయి, చాలామందివి ఎక్కలేదు. కోత పోయి, కుప్ప పోయి, మినుము తీత పోయి ఇంట్లో కూర్చున్న కూలీకి ఆ ఫారంలో అసలు గడే లేదు. ఉప్పెన పడ్డ 1977లోనూ పొలానికి లెక్క రాశారు గానీ పోయిన పనిరోజుకి రాయలేదని మా అమ్మ అనేది.

ఆ రాత్రే అక్క తన కూతురి నోటు పుస్తకం తెప్పించింది. గీతలు గీయించింది: పేరు, తుపాను తేదీ, పోయిన పనిరోజులు, ఆనాటి కూలి రేటు, తెచ్చిన అప్పు, వడ్డీ. మొదటి వరసలో తన పేరే రాయించింది. మేము లేచేసరికి ఆ పేటలో పద్దెనిమిది ఇళ్ల పేర్లు ఎక్కాయి. ఇంకో పేటవాళ్లు పుస్తకం తమకెప్పుడు తెస్తారని కబురు పెట్టారు.